పదిహేను కిలోల లోపల

జనవరి 12, 2025, ఆదివారం. విశాఖపట్నం

మార్చి మొదటి వారానికి టికెట్లు తీసేసుకున్నాను. చెన్నై మీదుగా పోర్ట్ బ్లెయిర్, అక్కణ్ణించి ఓడ మీద హావ్‌లాక్. కాగితాల మీద అవి ఇప్పుడు శ్రీవిజయపురం, స్వరాజ్ ద్వీప్. డైవర్ల నోట మాత్రం ఇంకా పాత పేర్లే ఆడుతున్నాయి. టికెట్టుతో వచ్చే సామాను 15 కిలోలు, చేతిసంచికి 7. ఇందులో బట్టలు, మందులు, నా డైవింగ్ సరంజామా అంతా ఇమడాలి.

మధ్యాహ్నం భోజనాలయ్యాక స్ప్రింగ్ త్రాసు తీసి ఒక్కో వస్తువునీ వేలాడదీసి తూచాను. తేలడానికి గాలి నింపుకునే బీసీడీ జాకెట్ 4.1. సిలిండర్ గాలిని నోటికి అందించే రెగ్యులేటర్ సెట్టు, గేజుల కన్సోలుతో సహా 2.9. రబ్బరు ఫిన్స్ 2.7, వాటిలోకి వేసుకునే బూట్లు 0.8. మూడు మిల్లీమీటర్ల వెట్‌సూట్ 1.7. మాస్క్ 0.4, టార్చీ 0.5, బోయా, తాడు, చిల్లర సామాను కలిపి మరో 0.4. మొత్తం పదమూడున్నర. ఇవన్నీ పెట్టే చక్రాల సూట్‌కేసు ఒక్కటే 3.9! లోపల ఒక్క చొక్కా పెట్టకుండానే పదిహేడు దాటింది.

కాబట్టి ముందు బరువు తగ్గించుకోవాల్సింది పెట్టే పెట్టెలో. దీనికి సముద్రంతో పనే లేదు. టార్పాలిన్ లాంటి గుడ్డతో కుట్టిన, చక్రాల్లేని భుజం సంచి ఒకటిన్నర కిలోల లోపు వస్తుంది. ఏ పరికరాన్నీ ముట్టుకోకుండానే రెండున్నర కిలోలు మిగిలాయి. సూట్‌కేసు మళ్ళీ అటక మీదికి ఎక్కింది.

జనవరి 15, బుధవారం. కనుమ

పండక్కి అక్కావాళ్ళంతా వచ్చారు. అక్క కూతురు, మా పాప, గత అక్టోబర్‌లో ఓపెన్ వాటర్ డైవింగ్ కోర్సు పూర్తి చేసింది. అండమాన్‌కి నాతో వస్తోంది. గారెలు తింటూనే ఫోన్ చూపించింది. "పిన్నీ, ఈ బీసీడీ రెండు కిలోలేనట. ఈ రెగ్ కిలోన్నర. ఫిన్స్ పొట్టివి, కేబిన్ బ్యాగులో పట్టేస్తాయి. ఆఫర్ ఉంది, తీసేసుకోనా?"

బుట్ట మొత్తం లెక్క వేస్తే దాని రెండు నెలల జీతం.

"ముందు మాస్క్ కొను. మిగతావి తర్వాత చూద్దాం" అన్నాను. "మాస్కా? దాని బరువెంత పిన్నీ, అరకిలో కూడా ఉండదు కదా" అంది. అదే నేను చెప్పదలచుకున్నది. ప్రయాణానికి పరికరాలు ఎంచుకునేటప్పుడు అందరూ బరువైనదాన్ని ముందు మార్చాలనుకుంటారు. కానీ సొంతంగా ఉండి తీరాల్సినవి ఒంటికి అతుక్కునేవి, అంకెలు చెప్పేవి. మాస్క్ ముఖానికి సరిపడకపోతే డైవంతా నీళ్ళు కారుతూనే ఉంటుంది. పాపకి కళ్ళజోడు ఉంది. పవర్ అద్దాలు బిగించిన మాస్క్ అద్దెకు దొరుకుతుందన్న నమ్మకం లేదు. డైవ్ కంప్యూటరు కట్టుకున్నవాళ్ళ ఒంట్లో చేరిన నైట్రోజన్ లెక్క పెట్టుకుంటూ పోతుంది. నిన్న ఒకరు కట్టుకున్న కంప్యూటరు ఇవాళ పాప చేతికి వస్తే, ఆ లెక్క నిన్నటివాళ్ళది. ఈ రెండూ కలిపి ముప్పావు కిలో కూడా ఉండవు.

బీసీడీ, రెగ్యులేటర్, సూట్ మంచి సెంటర్‌లో అద్దెకు దొరుకుతాయి. ఏడాదికి ఒక్కసారి నీళ్ళలో దిగేవాళ్ళకి సొంత రెగ్యులేటర్ ఇంట్లో పడి ఉండటమే ఎక్కువ. వాడినా వాడకపోయినా దాన్ని సర్వీసింగ్‌కి పంపాలి. నేను ఏటా చాలాసార్లు దిగుతాను, అందుకే సొంతవి మోస్తాను. పాప సంగతి వేరు.

దానికి మనసు ఒప్పలేదు. ఆ రెండు కిలోల బీసీడీని మళ్ళీ మళ్ళీ చూసుకుంది. రంగు నిజంగానే బాగుంది.

జనవరి 19, ఆదివారం

బీసీడీ గురించి ఇవాళ కూర్చుని కాగితం మీద లెక్క కట్టాను. చాలా రోజులుగా చెయ్యాలనుకుంటున్న పని.

గట్టు మీద తూకం వేరు, నీళ్ళలో తూకం వేరు. మునిగిన వస్తువు ఎంత నీటిని పక్కకు నెడితే అంత నీటి బరువు దాని బరువులోంచి పోతుంది. ఆర్కిమెడీస్ చెప్పినదే, బళ్ళో చదువుకున్నదే. కానీ దుకాణాలు రాసేది గట్టు మీద బరువొక్కటే.

నా పాత జాకెట్ నాలుగు కిలోల పైచిలుకు. దాని వీపు భాగంలో, భుజాల మీద, నడుం దగ్గర మందపాటి నురుగు మెత్తలు. దుకాణంలో తొడుక్కుని చూస్తే హాయిగా ఉంటుంది. నీళ్ళలో దిగాక ఆ మెత్తలు మనకి చేసే సాయం ఏమీ లేదు, అక్కడ భుజం మీద బరువే ఉండదు కదా. పైగా అవి తేలతాయి. గాలి పూర్తిగా తీసేసినా నా జాకెట్ దాదాపు కిలో పైకి లాగుతుంది. ఆ కిలోని కిందికి దించడానికి నడుముకి ఇంకో కిలో పైన సీసం కట్టుకోవాలి. విమానంలో బరువు, నీళ్ళలో బెండు. ప్రయాణానికి ఇంతకన్నా చెడ్డ వస్తువు ఉండదు. నా దృష్టిలో వదిలించుకోవాల్సినవి ముందు ఇలాంటివే.

లోహపు పలక, దానికి పట్టీలు, వెనక ఒక గాలి రెక్క ఉండే పద్ధతి ఉంది. పలక స్టీలుదైతే 2.7 కిలోలు. దాని పరిమాణం 340 మిల్లీలీటర్లు. ఉప్పునీటిలో 350 గ్రాములు పోతాయి, మిగిలేది 2.35. అదే ఆకారంలో అల్యూమినియం పలక 0.9 కిలో. నీళ్ళలో దాని తూకం 550 గ్రాములు. కిలో సీసం నీళ్ళలో 910 గ్రాములు తూగుతుంది. అంటే స్టీలు పలక రెండున్నర కిలోల సీసానికి సమానంగా పని చేస్తుంది. సొంత కారులో భీమిలి వెళ్ళేవాళ్ళకి స్టీలే మేలు. మోసిన బరువు చాలావరకు నీళ్ళలో అక్కరకొస్తుంది. విమానం ఎక్కేవాళ్ళకి అల్యూమినియం. మిగతా సీసం అక్కడి సెంటర్ ఇస్తుంది.

ఇక ఆ రెండు కిలోల ట్రావెల్ బీసీడీ. దాని మీద నాకు చిన్నచూపు లేదు. గట్టి వీపు పలక లేకుండా చుట్ట చుట్టేసేలా కుడతారు, కొక్కేలు తగ్గిస్తారు, జేబులు చిన్నవి చేస్తారు, మెత్తలు తీసేస్తారు. బరువు తగ్గేది అక్కడే. మెత్తలు పోవడం వల్ల నీళ్ళలోనూ లాభమే. కానీ వీపు మెత్తగా ఉంటే సిలిండర్ అటూ ఇటూ ఊగుతుంది, పలచని గుడ్డ పడవ అంచుకి రాసుకుంటే త్వరగా చిరుగుతుంది. వరసగా ఏళ్ళ తరబడి వాడే వస్తువుగా నేను దాన్ని కొనను.

గాలి రెక్క ఎంత పెద్దది కావాలి? 11.1 లీటర్ల అల్యూమినియం సిలిండర్‌లో 200 బార్ గాలి నింపితే లోపల గాలి బరువే రెండున్నర కిలోల పైన. నీటి పైభాగాన నా మూడు మిల్లీమీటర్ల సూట్ తేల్చే శక్తి సుమారు రెండు కిలోలు. దిగేకొద్దీ దానిలోని బుడగలు నలిగి ఆ శక్తి చాలావరకు పోతుంది. ఈ రెండూ కలిపి ఐదు కిలోల లోపే. పైకొచ్చాక తల నీళ్ళపైన నిలబడాలి కాబట్టి ఇంకొంచెం. పదకొండు, పన్నెండు కిలోలు ఎత్తే రెక్క వెచ్చని నీళ్ళలో ఒక సిలిండర్‌కి చాలు. ఇరవై కిలోలు ఎత్తేది చలి సముద్రాల కోసం, జంట సిలిండర్ల కోసం. మనకి అది అదనపు గుడ్డ.

జనవరి 26, ఆదివారం

రెగ్యులేటర్ దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగింది. ఇక్కడ గ్రాములు తగ్గించడం నాకు భయం.

1943లో ఫ్రాన్స్‌లో ఎమీల్ గాన్యాన్ అనే ఇంజనీరు, జాక్ కూస్టో అనే నౌకాదళ అధికారి కలిసి పీల్చినప్పుడు మాత్రమే గాలి వదిలే వాల్వును నీళ్ళకి పనికొచ్చేలా చేశారు. యుద్ధకాలంలో పెట్రోలు కరువై కార్లు గ్యాస్‌తో నడిచే రోజులు. గాన్యాన్ ఆ కార్ల కోసం చేసిన వాల్వే దీనికి మూలం. అప్పటి డైవర్లకి బీసీడీ లేదు, కంప్యూటరు లేదు. సిలిండర్, పట్టీలు, వాల్వు, అంతే. బరువు తగ్గించాలంటే మనం వాళ్ళలా దిగితే సరిపోతుందని ఒకరు నాతో వాదించారు. కానీ ఆ తర్వాత చేర్చిన చాలా వస్తువులు ప్రమాదాలని తప్పించడానికి వచ్చినవే. రెండో నోటిముక్క ఆక్టోపస్ వచ్చింది పక్కవాడి గాలి అయిపోతే ఇవ్వడానికి. దాన్ని బరువు కింద లెక్కేసి తీసెయ్యకూడదు.

తీసెయ్యదగినది కన్సోలు. గేజు, లోతు మీటరు, దిక్సూచి మూడూ కలిపి బిగించిన పెద్ద రబ్బరు డబ్బా. లోతు, సమయం మణికట్టు మీదే కనిపిస్తున్నప్పుడు చిన్న ప్రెషర్ గేజు చాలు. వైర్‌లెస్ ట్రాన్స్‌మిటర్ పెడితే గేజూ, దాని హోసూ కూడా అక్కర్లేదు. నేను గేజే ఉంచుకున్నాను. దానికి బ్యాటరీ లేదు, దీవిలో బ్యాటరీ అయిపోయి డైవ్ పోయే బాధ లేదు.

ఇంకో దారి, బీసీడీలోకి గాలి నింపే గొట్టం చివరే ఆక్టోపస్ బిగించడం. ఒక హోసు తగ్గుతుంది. కానీ అప్పుడు ప్రమాదంలో నా నోట్లోది తీసి ఎదుటివాళ్ళకిచ్చి, నేను భుజం దగ్గరున్న దానితో పీల్చాలి. బాగా అలవాటు చేసుకున్నవాళ్ళకి సరే. అక్క కూతురితో దిగుతూ ఆ పద్ధతి పెట్టుకోను.

తేలికని చెప్పి అమ్మే అల్లిక హోసులు చాలా వంగుతాయి, సంచిలో చక్కగా ముడుచుకుంటాయి. అయితే కొన్నింటిలో లోపలి పాలియురెథేన్ పొర వేడి, తేమల వల్ల పాడై స్ఫటికాలు కట్టి గాలి దారికి అడ్డం పడ్డ ఉదంతాలు డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ ప్రకటించింది. పైకి చూస్తే హోసు కొత్తదిలాగే ఉంటుంది. వేడి, తేమ అంటే మన ఊరే, మనం వెళ్ళే దీవే. మామూలు రబ్బరు హోసు ముసలిదైతే పైన పగుళ్ళు కనిపిస్తాయి. వంద గ్రాముల కోసం ఆ కనిపించే గుణాన్ని వదులుకోను.

మొదటి దశ, సిలిండర్‌కి బిగించే ముక్క. యోక్ అంటే వాల్వు మీద పట్టకర్రలా పట్టుకునేది. డిన్ అంటే మర తిప్పి వాల్వులోకి దిగేది. డిన్ చిన్నది, తేలిక, పట్టూ గట్టిది. మన వైపు దీవుల్లో యోక్ సిలిండర్లు ఎక్కువ. చాలా వాల్వుల్లో మధ్యన ఒక ఇన్సర్ట్ ఉంటుంది. 8 మిల్లీమీటర్ల అలెన్ కీతో దాన్ని విప్పితే డిన్ పడుతుంది. అందరూ విప్పనివ్వరు. నేను డిన్ ఉంచుకుని యోక్ అడాప్టర్ పెట్టుకుంటున్నాను. మొత్తం సెట్టు రెండు కిలోలకి దిగింది. టైటానియం జోలికి పోలేదు. ధర ఒక కారణం, 40 శాతం మించిన ఆక్సిజన్‌కి అది పనికిరాకపోవడం ఇంకో కారణం. నేను అంత ఆక్సిజన్ వాడను గానీ, అమ్మేటప్పుడు ఆ మాట చెప్పి అమ్మాలి.

ఫిబ్రవరి 9, ఆదివారం. రుషికొండ

పొద్దున్నే పడవ. నీళ్ళు మసగ్గా ఉన్నాయి, చెయ్యి చాచితే వేళ్ళు కనిపించేంత. చూడ్డానికి కాదు, జాకెట్ బదులు అల్యూమినియం పలక కట్టుకుని తూకం సరి చూసుకోవడానికి దిగాను.

పద్ధతి ఇది. డైవ్ చివర, సిలిండర్‌లో 50 బార్ మిగిలినప్పుడు, రెక్కలో గాలంతా తీసేసి, మామూలుగా ఊపిరి పీల్చి బిగబట్టి నిలువుగా ఉండాలి. నీళ్ళు కళ్ళ మట్టానికి రావాలి. ఊపిరి వదిలితే మెల్లగా దిగాలి. మొదట్లో చూసుకుంటే లాభం లేదు. డైవ్ ముగిసేసరికి రెండు కిలోల గాలి పీల్చేసి ఉంటాం, ఖాళీ అల్యూమినియం సిలిండర్ పైకి లాగుతుంది. ఆ చివరి మూడు నిమిషాలు ఐదు మీటర్ల దగ్గర ఆగాల్సిన సమయంలో తేలిపోతే అసలు పని చెడుతుంది.

పాత జాకెట్‌తో నాకు ఆరు కిలోల సీసం పట్టేది. అల్యూమినియం పలకతో నాలుగు చాలింది. సంచిలో రెండు కిలోలు తగ్గాయి, నడుం మీద మరో రెండు. రెండు వైపులా తగ్గడమంటే నాకు ఎంతో సంతోషంగా ఉంది. నా వయసు ఆడవాళ్ళు "ఆ బరువులు మేమెక్కడ మొయ్యగలం" అని ఒడ్డునే ఆగిపోవడం ఎన్నోసార్లు చూశాను. ఆ బరువులో సగం అక్కర్లేనిదని ఎవరూ వాళ్ళకి చెప్పరు.

ఫిబ్రవరి 20, గురువారం

హావ్‌లాక్ సెంటర్ నుంచి జవాబు. యోక్ సిలిండర్లు. సీసం కిలో ముక్కలు, నడుం బెల్టు. పాప కొలతలకి బీసీడీ, సూట్ తీసి పెడతారు. ఈ నాలుగు ముక్కలు ముందే అడిగితే సంచిలో చాలా వస్తువులు వాటంతటవే తగ్గుతాయి.

మార్చి 1, శనివారం

ఫిన్స్ గురించి ఇంట్లో పెద్ద చర్చ. మా ఆయన "ఆ రబ్బరువి వదిలెయ్, పొట్టివి కొను" అన్నారు. పొట్టి ఫిన్స్ కేబిన్ సంచిలో పడతాయి, నిజమే. ప్రవాహం ఎదురొస్తే వాటితో కాళ్ళు ఎంత ఆడించినా కదలం, అదీ నిజమే. చివరికి పాదం మొత్తం పట్టే ప్లాస్టిక్ ఫిన్స్, మామూలు పొడవువి తీసుకున్నాను. జత కిలోన్నర. బూట్లు అక్కర్లేదు. పడవ మీంచి దిగడమే కాబట్టి కాళ్ళకి రాళ్ళు తగలవు. ఒడ్డు నుంచి నడిచి వెళ్ళే చోటైతే బూట్లు లేకుండా వెళ్ళకూడదు. తడిసిన బూట్లు ఆరవు కూడా, తిరుగు ప్రయాణంలో అవి పెట్టే వాసన వేరే.

సూట్ విషయంలో పాప పలచని లైక్రా ఒక్కటే చాలంది. మార్చిలో అక్కడ నీళ్ళు 28, 29 డిగ్రీలు. మొదటి డైవ్‌కి చాలు. కానీ నీళ్ళు గాలి కన్నా దాదాపు పాతిక రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తాయి. రోజుకి రెండు మూడు సార్లు, గంటసేపు చొప్పున దిగితే మూడో రోజుకి వణుకు మొదలవుతుంది. నేను మూడు మిల్లీమీటర్లదే పెట్టుకున్నాను.

చేతిసంచిలో రెగ్యులేటర్, మాస్క్, కంప్యూటరు, టార్చీ. పోతే మళ్ళీ దొరకనివి, దెబ్బ తినకూడనివి. టార్చీ బ్యాటరీ తీసి, కొసలకి టేపు అంటించి విడిగా పెట్టాను. విడి లిథియం బ్యాటరీలు చేతిసంచిలోనే ఉండాలి. 18650 సెల్ ఒక్కోటి 12 వాట్ అవర్ల చుట్టుపక్కల, పరిమితి 100. నీళ్ళ కోసం చేసిన టార్చీ సంచిలో దానంతటదే వెలిగితే చల్లబరిచే నీళ్ళుండవు, చేత్తో ముట్టుకోలేనంత కాగుతుంది. తాడు కోసే కత్తి, అలెన్ కీ లగేజీలోకి. ఓ-రింగులు, విడి నోటిముక్క, మాస్క్ పట్టీ, నాలుగు జిప్ టైలు. ఈ పొట్లం యాభై గ్రాములు, అవసరానికి ఒక డైవ్‌ని కాపాడుతుంది.

లగేజీ బట్టలతో సహా 12.6. చేతిసంచి 6.1.

మార్చి 2, ఆదివారం. చెన్నై విమానాశ్రయం

విశాఖలో తనిఖీ దగ్గర సంచి పక్కకి తీశారు. ఎక్స్‌రేలో హోసులు, ఇత్తడి ముక్క, గేజు కనిపిస్తే ఎవరైనా తీస్తారు. "ఇదేంటమ్మా?" అన్నాడు సీఐఎస్ఎఫ్ కుర్రాడు. తీసి నోటి దగ్గర పెట్టుకుని చూపించాను. పై అధికారిని పిలిచి చూపించి పంపించాడు. రెగ్యులేటర్‌ని అడుగున కుక్కకుండా పైనే పెట్టుకోవడం మంచిది. పది నిమిషాల పని రెండు నిమిషాల్లో అయిపోయింది.

మార్చి 4, మంగళవారం. హావ్‌లాక్

పడవ మీద కళాసీ తెలుగువాడు. తాతల కాలంలో శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చేశారట. పోర్ట్ బ్లెయిర్ బజారులో, రేవులో ఎటు చూసినా మన మాట వినిపిస్తూనే ఉంటుంది. సిలిండర్లన్నీ ఆయనే ఎక్కించాడు. గాలి నిండినది ఒక్కోటి పదిహేడు కిలోలు. వాటి తర్వాత సీసం డబ్బాలు.

"మీకెన్ని ముక్కలమ్మా?" అన్నాడు. నాలుగన్నాను. "నాలుగేనా? ఒకో మనిషి ఎనిమిది అడుగుతాడమ్మా. ఎంత కట్టుకుంటే అంత గాలి తినేస్తాది. మాకూ మోత, మీకూ మోత." ఇన్నాళ్ళు నేను కాగితం మీద కట్టిన లెక్క ఆయనకి భుజాల మీంచి తెలుసు. ఎక్కువ సీసం కట్టుకున్నవాడు దాన్ని తేల్చడానికి బీసీడీలో ఎక్కువ గాలి నింపుతాడు, ఆ ఉబ్బిన సంచిని నీళ్ళలో ఈడుస్తూ ఈదుతాడు, రొప్పుతాడు. సిలిండర్ త్వరగా ఖాళీ. విమానం తూకంలో మనం తప్పించుకున్న ప్రతి కిలోనీ ఇక్కడ ఇలాంటి ఒక మనిషి ఎత్తుతాడు. నా సంచి తేలికైతే సరిపోదు. సీసం కూడా తగ్గితేనే ఆ తేలికతనం నిజమైనది. ఇంటికెళ్ళాక ఎవరు అడిగినా ఇదే ముందు చెప్తాను.

దిగింది ది వాల్ అనే డైవ్ చోట. పాప అద్దె బీసీడీ దానికి చక్కగా సరిపోయింది. మాస్క్‌లో ఒక్క చుక్క నీళ్ళు రాలేదు. లయన్‌ఫిష్‌ని నా కన్నా ముందు అదే చూసింది.

మార్చి 6, గురువారం

డిక్సన్స్ పినకిల్. ఇక్కడి కొన్ని డైవ్ చోట్లకి, జానీస్ గార్జ్‌లాంటి వాటికి, కరెన్ డైవర్ల పేర్లు పెట్టారని చెప్తారు. 1925 ప్రాంతంలో బర్మా నుంచి తెచ్చి మాయాబందర్ వైపు స్థిరపరిచిన వాళ్ళ సంతతి.

ప్రవాహం గట్టిగా ఉంది. శిఖరం మీద తాడు పట్టుకుని గాలిపటాల్లా వేలాడాం. మా జట్టులో పొట్టి ఫిన్స్ వేసుకున్నతను తాడు వదిలి శిఖరం చాటుకి చేరడానికి చాలా అవస్థ పడ్డాడు. గైడ్ వెళ్ళి చెయ్యి అందించాడు. పైకొచ్చేటప్పుడు మేం తాడుకి దూరంగా కొట్టుకుపోయాం. ఐదు మీటర్ల దగ్గర నేను బోయా వదిలాను. నారింజ రంగు గొట్టం, ఒకటిన్నర మీటరు, దారం చుట్టతో కలిపి మూడు వందల గ్రాములు. అలల మధ్య తల కనపడదు గానీ అది కనపడుతుంది. మేం తల ఎత్తేసరికి పడవ మా వైపే వస్తోంది. బరువు కోసం దీన్ని ఇంట్లో వదిలి వచ్చేవాళ్ళతో నేను గొడవ పడతాను.

పాప కాలి మడమకి అద్దె ఫిన్ ఒరుసుకుని బొబ్బ. సాయంత్రం "ఫిన్స్ కూడా సొంతవి ఉండాలి పిన్నీ" అంది. అవును, అవీ ఒంటికి అతుక్కునేవే.

మార్చి 8, శనివారం

ఆఖరి డైవ్ పదకొండింటికి ముగిసింది. రేపు మధ్యాహ్నం ఓడ, ఎల్లుండి విమానం. రోజుల తరబడి వరసగా దిగినవాళ్ళు కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు, ఒక్కసారే దిగినా 12. డికంప్రెషన్ ఆగుళ్ళు పడిన డైవ్ అయితే ఇంకా ఎక్కువ. పాపకి ఈ సంగతి రెండుసార్లు చెప్పాను. తేడా వస్తే పోర్ట్ బ్లెయిర్‌లో నేవీ ఆసుపత్రి ధన్వంతరిలో రికంప్రెషన్ ఛాంబర్ ఉంది. దాని నంబరు నా డైరీ వెనక అట్ట మీద రాసి ఉంచుతాను.

ఈ ఆగిన గంటల్లోనే సామాను ఆరబెట్టుకోవాలి. రెక్క లోపలికి మంచినీళ్ళు పోసి, ఊపి, తలకిందులుగా వంచి తీశాను. లోపల అరలీటరు నిలిచిపోతే అర కిలో మోసినట్టే, పైగా ఉప్పు. సూట్‌ని ఫ్యాను కింద లోపలిభాగం పైకి తిప్పి వేలాడదీశాను. తడిగా తూచితే మూడు కిలోలకి దగ్గరగా వచ్చింది. ఎండలో వెయ్యకూడదు, నియోప్రీన్ పెళుసెక్కిపోతుంది. మందపు మెత్తల జాకెట్ అయితే రెండు రాత్రులకీ ఆరేది కాదు. పలక ఒక్కసారి తుడిస్తే పొడి. త్వరగా ఆరడం కూడా తేలికలో భాగమే. వెళ్ళేటప్పుడు 12.6 ఉన్న సంచి వచ్చేటప్పుడు 15 దాటేది ఈ తడి వల్లే.

మార్చి 16, ఆదివారం. విశాఖపట్నం

తిరుగు ప్రయాణంలో లగేజీ 13.1 తూగింది.

రెగ్యులేటర్ మరోసారి మంచినీళ్ళలో నానబెట్టాను, దుమ్ము మూత బిగించి మరీ. ఆ మూత లేకుండా ముంచితే మొదటి దశలోకి నీళ్ళు వెళ్ళి సర్వీసింగ్ ఖర్చు మీద పడుతుంది. ఏప్రిల్‌లో ఎలాగూ సర్వీసింగ్‌కి పంపాలి.

పాత జాకెట్‌ని రుషికొండలో డైవింగ్ నేర్పే కుర్రాళ్ళకి ఇచ్చేస్తున్నాను. వాళ్ళు పడవ మీంచే దిగుతారు, విమానం గొడవ లేదు. కొత్తవాళ్ళకి నేర్పేటప్పుడు నీళ్ళపైన ఆ మెత్తలు కాస్త ధైర్యాన్నిస్తాయి.

హైదరాబాద్ నుంచి పాప ఫోన్. ఆఫర్ ఇంకా ఉందట, కానీ బుట్టలోంచి బీసీడీ, రెగ్ తీసేసింది. ఫిన్స్ ఉంచింది, పాదం కొలిపించుకున్నాకే కొంటానంది. బోయా, దారం చుట్ట చేర్చింది. మిగిలిన డబ్బుతో అడ్వాన్స్‌డ్ కోర్సు చేస్తానంటోంది, వానలు మొదలయ్యేలోపు. దాంట్లో లోతు డైవూ, దిక్సూచి పట్టుకుని దారి కనుక్కోవడమూ నేర్పుతారు. సెంటర్‌కి రేపు పొద్దున రాసి మే నెలలో ఖాళీలున్నాయేమో కనుక్కుంటానని చెప్పాను.